దేవసహాయం గారి చామంతి

2008 జులై. రాయపూర్‌లో మా నర్సరీ పెట్టి అప్పటికి ఆరేళ్లు. కొత్త రాష్ట్రానికి రాజధాని అయ్యాక ఊరు నాలుగు వైపులా పెరిగింది. కొత్త బంగళాలవాళ్లకి లాన్లు కావాలి, ఉర్లా ఫ్యాక్టరీలవాళ్లకి గేటు ముందు పూలమడులు కావాలి, ఆఫీసులవాళ్లకి మెట్ల పక్కన క్రోటన్లు కావాలి. మా నాన్న రైల్వేలో ఫిట్టరుగా విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. నేను బీయస్సీ అగ్రికల్చర్ చదివి, ఉద్యోగం జోలికి పోకుండా, ధర్సీవా వెళ్లే రోడ్డు మీద కాస్త జాగా తీసుకుని మొక్కలు పెట్టాను. రెండు మూడు మొండి గులాబీలని పూయించి, చచ్చిపోయిందనుకున్న ఒక మందారాన్ని బతికించేసరికి ‘మొక్కల డాక్టరు’ అని పేరొచ్చింది. ఆ పేరు నాకు తెగ నచ్చింది. కొంప ముంచింది ఆ పేరే. నా కొంప మునిగినా ఇంత బాధ ఉండేది కాదు, ఇంకొకరిది ముంచింది.

ఆ వానల్లో ఒకరోజు సుగుణమ్మ గారు ఆటో దిగి, గొడుగు ముడుచుకుంటూ నర్సరీలోకి వచ్చారు. రైల్వే ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయిన మనిషి. నరసాపురం వైపు క్రైస్తవ కుటుంబం. మా కాలనీ పిల్లలందరికీ చిన్నప్పుడు సూదులు వేసింది ఆవిడే. అందుకే మీసాలొచ్చాక కూడా ఆవిడ ఎదురుపడితే మా చేతులు వాటంతటవే వెనక్కి పోతాయి. అందరం సిస్టరమ్మా అనే పిలుస్తాం.

“నువ్వు మొక్కల డాక్టరువంట కదా బాబూ. మా ఇంట్లో ఓ పేషెంటుంది, వచ్చి చూడాలి” అన్నారు.

“ఏమైందమ్మా?”

“చామంతి. ఆకు చూస్తే అడవిలాగ ఉంది. కిందటేడు పువ్వు మాత్రం బిల్‌కుల్ లేదు. ఈ ఏడూ అదే వాలకం. ఆయన పోయిన దిగులేమో అనుకున్నాను. మొక్కకి ఇన్నాళ్ల దిగులుంటుందా ఎక్కడైనా?”

ఆయనంటే ఆవిడ భర్త దేవసహాయం గారు. గూడ్సు బండి గార్డు. అంతకు ముందు సంవత్సరం జనవరిలో పోయారు. నేను ఆయన్ని దూరం నుంచి చూడటమే గాని రెండు మాటలు మాట్లాడింది లేదు. అసలు ఆయన ఎవరితోనూ ఎక్కువ మాట్లాడే మనిషి కాదని అందరూ అంటారు.

మర్నాడు పొద్దున్న పదింటికి వెళ్లాను. రైలు పట్టాలకి ఇవతల గల్లీలో రెండు గదుల ఇల్లు, ముందు వరండా, వరండా కింద నాలుగు మూరల మడి. అందులో మోకాలెత్తు చామంతి దుబ్బులు, నల్లగా నిగనిగలాడే ఆకు. తెగులు లేదు, పేను లేదు. వరండా గోడకి ట్యూబ్‌లైటు పట్టపగలు వెలుగుతోంది.

“లైటు మర్చిపోయినట్టున్నారమ్మా” అని నేనే స్విచ్చి ఆర్పాను.

“రోజూ మర్చిపోతాను బాబూ. ఆయన పోయాక రాత్రంతా ఇక్కడ వెలుగుండాల్సిందే, లేకపోతే నాకు కన్ను మూతపడదు. ఆయనుంటే ఊరుకునేవాడా? గణేశ్ పందిళ్లు పడ్డ కాణ్ణుంచి ఈ లైటు ముట్టుకోనిచ్చేవాడు కాదు. గల్లీ పూరా జిగేల్మంటుంటే మా గుమ్మం ఒక్కటే చీకటి! అంత కంజూస్ మనిషిని నేను ఇంకోణ్ణి చూళ్లేదు.”

ఆవిడ నవ్వారు. నేనూ నవ్వాను. పిసినారి మొగుళ్ల కథలు వినడం మా పనిలో మామూలే. మొక్కలవాడి దగ్గర జనం అన్నీ చెప్పుకుంటారు.

అప్పుడే ఆవిడ అసలు విషయం చెప్పారు. ఆ చామంతి పిలకల్ని దేవసహాయం గారు వాళ్ల ఊరి నుంచి తెచ్చారు. తడిగుడ్డలో చుట్టి, గార్డులు డ్యూటీకి మోసుకెళ్లే ఇనప పెట్టెలో పెట్టుకుని, రెండు రోజులు ప్రయాణం చేయించి తెచ్చారట. చిన్న పువ్వు, లేత పసుపు, గుత్తులు గుత్తులుగా పూస్తుంది. నవంబరు రెండో తారీకున, సమాధుల పండుగకి, ఇక్కడే ఉన్న వాళ్లమ్మ సమాధి నిండా ఆ పూలే పరిచేవారు. ఏ సంవత్సరమూ తప్పలేదు.

“ఇప్పుడు ఆవిడ పక్కనే ఆయన ఉన్నాడు. కిందటేడు ఫూల్ చౌక్‌లో బంతిపూలు కొనుక్కెళ్లి పెట్టాను బాబూ. ఎవరో పరాయి మనిషికి పెట్టినట్టు అనిపించింది. ఆయన పూలు ఆయనకి పెట్టాలి. నాకింకేం వద్దు.”

“ఈ నవంబరుకి పూయిస్తానమ్మా” అన్నాను. అంత తేలిగ్గా అనేశాను.

ఆకు బాగా ఉండి పువ్వు లేదంటే మేం మొదట అనుమానించేది నత్రజని ఎక్కువైందని. అంటే యూరియా, పేడ ఎక్కువ పడితే మొక్కకి ఒళ్లు చేస్తుంది గాని కాపు మీద ధ్యాస ఉండదు. పేడ మాన్పించాను. బోన్ మీల్, అంటే ఎముకల పొడి, పొటాష్ వేయించాను. పించింగ్ చేశాను. పించింగంటే కొమ్మ కొసలు గిల్లడం, గిల్లిన చోట నాలుగు కొమ్మలు చీలి నాలుగింతలు పూస్తాయి. ఆవిడ నర్సు కదా, నేను చెప్పిన ప్రతి మోతాదూ ఒక పాత డైరీలో తారీకు వేసి రాసుకున్నారు. నా జన్మలో నా మాట అంత శ్రద్ధగా విన్నవాళ్లు లేరు.

నవంబరు వచ్చింది. ఎక్కడో ఒకటీ అరా మొగ్గ తొడిగింది, అదీ విచ్చకుండానే ముడుచుకుపోయింది. సుగుణమ్మ గారు మళ్లీ ఫూల్ చౌక్‌కి వెళ్లారు.

రెండో సంవత్సరం నేను పంతం పట్టాను. దుబ్బులన్నీ తవ్వించి, పిలకలు విడదీసి, మడి మట్టంతా మార్పించి మళ్లీ నాటించాను. మందుల షాపులో పూత కోసం అమ్మే హార్మోను కూడా తెచ్చి చల్లాను. అయిదారు సార్లు వెళ్లి ఉంటాను, అన్నిసార్లూ పొద్దున్న పూటే. సాయంత్రమైతే నాకు నర్సరీలో నీళ్లు పెట్టే పని. వెళ్లినప్పుడల్లా వరండాలో లైటు వెలుగుతూ కనిపించేది, వెళ్లినప్పుడల్లా నేనే ఆర్పేవాణ్ణి. ఆవిడ టీ ఇచ్చేవారు. అక్టోబరు మూడో వారానికి కూడా మొక్క మీద మొగ్గన్నది లేదు.

నాకు అవమానంగా ఉంది. ఈ మాట ఇప్పుడు ఒప్పుకోవాలి. మొక్క మీద కోపం వచ్చింది. మొక్కల డాక్టరు ఓడిపోవడం ఏమిటి? తప్పు నాలో లేకపోతే మొక్కలో ఉండాలి కదా. అలా ఒక నిర్ణయానికి వచ్చేశాను.

“జాతి అలిసిపోయిందమ్మా. ఏళ్ల తరబడి అదే పిలకని మళ్లీ మళ్లీ నాటితే సత్తువ పోతుంది. లోపల వైరస్ కూడా ఉండొచ్చు. ఇది ఇక పూయదు. కొత్తవి పెడతాను, పండుగకి పూలు చూస్తారు” అన్నాను.

ఆవిడ మడి వైపు చూశారు. “నువ్వు చదువుకున్నవాడివి. నీకు తెలియాలి” అన్నారు.

కలకత్తా నుంచి వచ్చిన పెద్ద పువ్వు చామంతి కుండీలు ఇరవై తీసుకెళ్లాను. అన్నీ మొగ్గ మీద ఉన్నాయి. పాత దుబ్బుల్ని నా చేతుల్తో నేనే పీకాను. చివరి వరుసకి వచ్చేసరికి సుగుణమ్మ గారు మెట్లు దిగి వచ్చారు.

“ఒక్క దుబ్బు ఉంచు బాబూ. పూయకపోయినా ఫరవాలేదు. ఆ మూల పడి ఉంటుంది.”

“వద్దమ్మా. తెగులుంటే కొత్తవాటికి అంటుకుంటుంది. మీరే చెప్పండి, ఆసుపత్రిలో అంటురోగం ఉన్నవాణ్ణి వార్డులో ఉంచుతారా?”

నర్సుకి నర్సు భాషలోనే జవాబు చెప్పానని నాకు లోలోపల గర్వం కూడా. ఆ దుబ్బు కూడా పీకి గోతాంలో వేశాను. మామూలుగా ఏ రకం తీసేసినా నాలుగు పిలకలు నర్సరీలో తల్లిమొక్కలుగా అట్టేపెట్టుకుంటాం. వీటికి అదీ చెయ్యలేదు. చిన్న పువ్వు, పాతకాలం రకం, పైగా రోగిష్టిది, ఎందుకులే అనుకున్నాను. గోతాం నర్సరీ వెనక్కి తీసుకెళ్లి, ఎండబెట్టి, తగలబెట్టాను. జాగ్రత్తపరుడైన డాక్టరు చేసే పనే చేశాను.

కొత్త చామంతులు పది రోజుల్లో విచ్చుకున్నాయి. అరచేయంత పూలు. సుగుణమ్మ గారు రెండు బుట్టల నిండా కోసుకుని సమాధుల తోటకి వెళ్లారు. తర్వాత ఫోన్ చేసి, “చాలా బాగున్నాయి బాబూ, అందరూ అడిగారు” అన్నారు. నేను చెప్పిందే నిజమని నాకు రూఢి అయిపోయింది.

2010 నవంబరు మొదట్లో ఆవిడ దగ్గర్నుంచి మళ్లీ ఫోన్ వచ్చింది. “నీ కొత్త పేషెంట్లు కూడా పడకేశారు డాక్టరు బాబూ. అడవే గాని పువ్వు లేదు. ఈసారి మళ్లీ బజారు పూలే.” గొంతులో వెటకారం లేదు, అలసట ఉంది. వస్తానమ్మా అన్నాను. సిగ్గుతో నాలుగు రోజులు వాయిదా వేశాను.

ఆ వారంలోనే ఉర్లాలో ఒక ఫ్యాక్టరీ నుంచి పిలుపు. పేరు ఎందుకులే, ఇనుము పనిచేసే ఒక ఫ్యాక్టరీ. గేటు నుంచి లోపలి దాకా రోడ్డుకి ఒక పక్క పొడవాటి చామంతి మడి ఉంది, మా నర్సరీ మొక్కలే. మేనేజరుగారు మండిపడుతున్నాడు. మడి అంతా పచ్చగా ఉండి ఒక్క చోటే పూసింది, ఏం మొక్కలిచ్చావయ్యా అని. వెళ్లి చూశాను. నిజమే. లారీల బరువు తూచే గది వెనక, సరిగ్గా ఆ గది గోడ ఎంత పొడవుందో అంత మేరే, పూలు కుప్ప పోసినట్టున్నాయి. దానికి అటూ ఇటూ ఒక్కటి లేదు. ఒకే మట్టి, ఒకే నీళ్లు, ఒకే మొక్క.

నేను వంగి మట్టి నలుపుతూ నిలబడ్డాను. అక్కడి తోటమాలి మన్‌రాఖన్ కాకా, ధర్సీవా పక్క పల్లెటూరి ముసలాయన, బీడీ ఆర్పి నా వైపు జాలిగా చూశాడు.

“మాటీ ఝన్ దేఖ్ బాబూ. ఊపర్ దేఖ్” అన్నాడు. మట్టి కాదు, పైకి చూడమని.

పైకి చూశాను. గేటు దగ్గర ఎత్తయిన స్తంభం, దాని మీద ఆరు పెద్ద లైట్లు. రాత్రంతా లారీలు తిరుగుతాయి కాబట్టి ఆ లైట్లు తెల్లవార్లూ వెలుగుతాయి. తూకం గది నీడ పడే చోట మాత్రమే చీకటి.

“బత్తీ కే అంజోర్ మా ఫూల్ నఇ ధరయ్. ఓలా రాత్ చాహీ” అన్నాడు కాకా.

లైటు వెలుగులో పువ్వు పట్టదు, దానికి రాత్రి కావాలి. ఆయన బడి మొహం చూడని మనిషి. నేను ఇదే సంగతిని ఫొటోపీరియడ్ అనే పేరుతో చదువుకున్నాను. చామంతి పొట్టి పగళ్ల మొక్క. వానలు తగ్గి రాత్రులు పెరుగుతున్నప్పుడు, ఆ పొడుగు చీకటిని కొలుచుకుని మొగ్గ తొడుగుతుంది. రాత్రి మీద దీపం పడితే దానికి ఇంకా ఎండాకాలమే అనిపిస్తుంది, ఆకులే వేస్తూ కూచుంటుంది. పరీక్షలో ఈ జవాబు రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. మొగ్గతో వచ్చిన కలకత్తా మొక్కలు ఆ సంవత్సరం ఎందుకు పూశాయో, మరుసటేడు ఎందుకు పూయలేదో అక్కడే, ఆ రోడ్డు మీదే తెలిసిపోయింది. నా చెయ్యి నాకే కనబడింది. వెళ్లిన ప్రతిసారీ పొద్దున్న పదింటికి ఆ ట్యూబ్‌లైటు ఆర్పిన చెయ్యి. తూకం గది అరుగు మీద కూర్చుండిపోయాను. కాకా ఏమనుకున్నాడో, మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు.

మర్నాడు మధ్యాహ్నం సుగుణమ్మ గారింటికి వెళ్లాను. ఆవిడ వరండాలో కూర్చుని స్వెటరు అల్లుతున్నారు. చెప్పడం తప్పించుకోవాలని దారి పొడుగునా అనుకున్నాను. ఆవిడకి తెలిసే మార్గం లేదు కదా. కాని ఆ మనిషి ముందు అబద్ధం ఆడటం చిన్నప్పట్నుంచీ నాకు చేతకాలేదు. నిలబడే మొత్తం చెప్పేశాను. మొక్కకి జబ్బు లేదని, జాతి అలిసిపోలేదని, లైటు ఒక్కటి ఆర్పి ఉంటే చాలని.

ఆవిడ అల్లిక ఆపారు. “ఎప్పట్నుంచి ఆర్పాలి?”

“ఆగస్టు ఆఖరు నుంచమ్మా. మొగ్గలు గట్టిపడేదాకా.”

“అంటే గణేశ్ పందిళ్లప్పట్నుంచి.”

నేను తల ఊపాను. ఆవిడ గోడకున్న స్విచ్చి వైపు చూశారు.

“ముప్ఫయ్యేళ్లు కంజూసోడని ఆడిపోసుకున్నాను బాబూ. చర్చి వాళ్ల ముందు, చుట్టాల ముందు, ఆఖరికి ఆయన పోయాక నీ ముందు కూడా. ఒక్కనాడూ కాదని అన్లేదే ఆయన. పువ్వుల కోసమే అని ఒక్క ముక్క చెప్తే నేను వద్దంటానా?”

“మీరు నాకు చెప్పారమ్మా. మొదటి రోజే చెప్పారు. నేను నవ్వాను.”

ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. తర్వాత నర్సమ్మ గొంతుతో అన్నారు: “పెద్ద డాక్టర్లు పొద్దున్న రౌండ్సుకి వచ్చి పేషెంటుని చూసి పోతారు. రాత్రి ఎలా ఉన్నాడో నైట్ డ్యూటీ నర్సుని అడిగితే గాని సగం సంగతి తెలీదు. తెలివైన డాక్టరు అడుగుతాడు.” మళ్లీ సూదులు చేతిలోకి తీసుకున్నారు. తలెత్తకుండా, “ఒక్క దుబ్బు ఉంచమన్నాను” అన్నారు.

తిట్టలేదు. తిడితే బాగుండేది. నేను మెట్లు దిగి బండి దగ్గరకి వచ్చేసరికి తాళం చెవి ఎక్కడ పెట్టానో కూడా తెలియలేదు.

ఆ చామంతి కోసం తర్వాత చాలా తిరిగాను. దేవసహాయం గారు పిలకలు ఎవరికైనా ఇచ్చారేమోనని ఆయన పాత స్నేహితుల ఇళ్లన్నీ అడిగాను. ఒకాయన భిలాయికి మారిపోయేటప్పుడు పట్టుకెళ్లాడన్నారు. వెళ్తే, ఆ పెరట్లో గచ్చు వేసేశారు. నరసాపురం వెళ్లాను, ఆయన పుట్టిన వీధిలో ఇప్పుడు ఎవరూ చామంతి పెంచడం లేదు. కడియం నర్సరీల్లో దగ్గర దగ్గరగా ఉన్న ఒక లేత పసుపు రకం దొరికితే, తడిగుడ్డలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని రైల్లో తెచ్చి, ఆవిడ మడిలో నాటాను.

మరుసటేడు సెప్టెంబరులో ఒక సాయంత్రం ఆ గల్లీ మీదుగా వెళ్లాను. గణేశ్ పందిరి లైట్లు, పాటలు, ఇంటింటి ముందూ రంగు బల్బుల తోరణాలు. మధ్యలో సుగుణమ్మ గారి గుమ్మం ఒక్కటే చీకటి. మడికీ వీధి లైట్లకీ మధ్య రెండు పాత దుప్పట్లు తాడు మీద వేలాడదీసి ఉన్నాయి. ఆవిడ లోపల గదిలో తలుపు వేసుకుని ఉన్నారు.

నవంబరుకి పూలొచ్చాయి. ఆవిడ కోస్తుంటే నేనూ ఉన్నాను. ఒక పువ్వు ముక్కు దగ్గర పెట్టుకుని చూశారు.

“బాగున్నాయి. ఆయనవి కావులే” అన్నారు.

“చీకట్లో భయం వెయ్యలేదా అమ్మా?”

“వేసింది” అన్నారు, బుట్ట సర్దుకుంటూ.

నాలుగేళ్ల తర్వాత ఆవిడ కూడా వెళ్లిపోయి, అదే సమాధుల తోటలో ఆయన పక్కన చేరారు. ఏటా నవంబరు రెండున ఆ కడియం చామంతులే తీసుకెళ్లి ఇద్దరికీ పెట్టి వస్తాను. ప్రతిసారీ అవి వాళ్ల పూలు కావని గుర్తొస్తుంది.

ఇప్పుడు ఎవరైనా పూయని మొక్క గురించి వస్తే ఎరువు సంగతి తర్వాత అడుగుతాను. ఇంతకు ముందు దీన్ని ఎవరు చూసుకునేవారు, వాళ్లు ఏం చేసేవారు, మీకు విసుగనిపించేలా ఏం చేసేవారు అని అడుగుతాను. కొందరు వింతగా చూస్తారు. వాళ్లు చెప్పే ముసలివాళ్ల చాదస్తాలన్నీ పుస్తకంలో రాసుకుంటాను. సాయంత్రం దీపాలు పెట్టాక ఒకసారి వెళ్లి చూడకుండా ఏ మొక్కకీ మందు చెప్పను.

ఇక పనికిరాదని పీకేసిన ప్రతి మొక్కలోనూ ఒక పిలకో కొమ్మో తెచ్చి నర్సరీ వెనక, లైటు పడని చోట, వరుసగా నాటుకుంటాను. మా పనివాళ్లు దాన్ని కచరా లైన్ అంటారు, చెత్త వరుస. అందులో పూయని గులాబీలున్నాయి, ఎవరి అత్తగారో పెట్టిన కనకాంబరాలున్నాయి, ఇల్లు అమ్ముకుని పోయినవాళ్ల నందివర్ధనాలున్నాయి. కొన్ని పూశాయి కూడా. ఎవరైనా తిరిగి వచ్చి అడిగితే తవ్వి ఇస్తాను. దేవసహాయం గారి చామంతి మాత్రం ఆ వరుసలో లేదు.